కాలక్షేపం

తెలుగువారి నోట నలిగి నలిగి అర్థం పలుచబడిన సంస్కృతపదాలలో ‘కాలక్షేపం’ ఒకటి. పేకాట కాలక్షేపం, అరుగుమీది కబుర్లు కాలక్షేపం. రైలుబండిలో అమ్మవచ్చే బఠాణీలకు సైతం ఆ పేరే స్థిరపడింది. అయితే శ్రీవైష్ణవసంప్రదాయంలో గురుముఖతః గ్రంథార్థాన్ని శ్రవణం చేయడాన్ని కూడా కాలక్షేపమనే వ్యవహరిస్తారు. హరికథకూ ఆ పేరున్నది. ఒకే పదం ఇటు బఠాణీలకూ, అటు శ్రీభాష్యానికీ చెల్లుబాటు కావడం విచిత్రమే. క్షేపమంటే విసరివేయడం కదా. విసరిన కాలం ఎక్కడ పడుతున్నదో చూసుకొనేవారు మాత్రం అరుదు.

కోనసీమలో వసిష్ఠగోదావరి గట్టుకు అనతిదూరంలో ఉన్న ఒక గ్రామంలో ఈ మాటను అక్షరార్థంలో ఆచరించే వృద్ధగృహస్థు ఒకరున్నారు. ఉన్నతపాఠశాలలో దీర్ఘకాలం గణితం బోధించి విశ్రాంతులైనవారు. ఊరందరికీ మాష్టారు. బాల్యంలో మేనమామగారి సన్నిధిలో కొంత జ్యోతిర్గణితం అభ్యసించారు. జాతకఫలాలు మాత్రం చెప్పరు. అడగవచ్చినవారికి మజ్జిగ ఇచ్చి మర్యాదగా పంపివేస్తారు. ఆయన కాలక్షేపమంతా కాలాన్ని కొలవడమే.

పెరటిలో చెట్లనీడ సోకని చోట సమతలం చేసిన రాతిపలకమీద పన్నెండంగుళాల శంకువు ఒకటి నిలిపారు. దాని చుట్టూ వృత్తం గీచి, పూర్వాహ్ణంలో ఛాయాగ్రం వృత్తాన్ని తాకినచోట ఒక చుక్క, అపరాహ్ణంలో మరల తాకినచోట మరొక చుక్క ఉంచి, రెండింటినీ కలిపి తూర్పుపడమరలు సాధించారు. శుల్బసూత్రాలనాటి విధానమది; యజ్ఞవేదికకు దిక్కులు నిర్ణయించినది ఆ నీడతోనే. మే మొదటివారంలో ఒకసారి, ఆగస్టు మొదటివారంలో మరొకసారి ఆ ప్రాంతంలో మధ్యాహ్నభానుడు సరిగా నడినెత్తిన నిలుస్తాడు. అప్పుడు శంకువు నీడ దాని పాదంలోనే లీనమవుతుంది. ఆ దృశ్యం కోసం మాష్టారు భోజనం ఆలస్యం చేసేవారు. ఆగస్టులో చాలా ఏండ్లు మబ్బే మిగిలేది.

వర్షాకాలంలో శంకువు నిరుపయోగం కనుకనే ఆయనకు జలఘటికమీద మనసు పోయింది. అడుగున సూక్ష్మరంధ్రం గల అర్ధగోళాకారపు రాగిగిన్నెను నిర్మలజలం నిండిన పాత్రలో విడిచిపెడితే, రంధ్రంగుండా నీరు మెల్లగా ఎగసి, గిన్నె నిండి, మునుగుతుంది. ఆ మునక ఒక ఘటిక. అహోరాత్రంలో అరువదిసార్లు మునగాలని సూర్యసిద్ధాంతం నిర్దేశించింది. అనగా మునకకు 24 నిమిషాలు. మన ‘గడియ’ ఈ ఘటికయే. ముంజేతికి కట్టుకొనే యంత్రాన్ని సైతం గడియారమనే పిలుస్తూ, లోపల దాగిన గడియను మరచిపోయాము.

గిన్నె ఒక్కరోజులో సిద్ధించలేదు. ఊరి కంసాలి వేసిన మొదటి రంధ్రం పెద్దదై పదిహేడు నిమిషాలకే గిన్నె మునిగిపోయింది. మాటు వేయించి మరల రంధ్రం చేయిస్తే ముప్పావుగంట తేలింది. ఆ మాటు బరువుకు గిన్నె ఒకవైపు ఒరగడం మరొక తలనొప్పి. మాఘమాసపు చల్లనినీటిలో కొంత ఆలస్యంగా, వైశాఖంలో కొంత త్వరగా మునుగుతుందని కనిపెట్టడానికి ఒక సంవత్సరం పట్టింది. కాలువనీటిలోని ఒండ్రు రేణువు రంధ్రానికి అడ్డుపడుతుంది కనుక నీటిని మడిబట్టతో వడకట్టాలి. చివరకు గోడగడియారంతో పోల్చితే అరనిమిషం లోపు తేడాతో నడిచే స్థితికి వచ్చింది. అప్పటినుండి ఏ పూట ఏమి గమనించినదీ తిథివారనక్షత్రాలతో సహా ఒక లెక్కల పుస్తకంలో వ్రాసిపెట్టేవారు.

ఆయన ధర్మపత్ని ఈ వ్యాసంగాన్ని పెద్దగా మెచ్చినవారు కారు. “గోడకు గడియారం ఉండగా గంగాళంలో గిన్నె ఎందుకండీ?” అని నవ్వేవారు. అయినా పొయ్యిమీద పప్పు ఎక్కించి, “మీ గిన్నె మునిగితే ఒక కేక వేయండి” అని ఆమె అనడమూ, ఆయన వేయడమూ ఆ ఇంట నిత్యకృత్యంగా ఉండేది.

ఆమె నిరుడు ఆషాఢబహుళంలో, ఒక తెల్లవారుజామున పరమపదించారు. ఏకైకకుమారుడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగి. వార్త తెలిసి బయలుదేరినా అగ్నిసంస్కారానికి అందలేదు; పినతండ్రి కుమారుడే నిప్పు పెట్టాడు. తక్కిన కర్మ యథావిధిగా తాను జరిపి, తిరిగి వెళ్ళి, మాసికాలు అక్కడే షష్ఠినాడు పెట్టుకుంటూ వచ్చాడు. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. సూర్యచంద్రుల అంతరం పన్నెండు భాగలు పెరిగితే ఒక తిథి. ఆ సంధి ఆకాశంలో ఒక్క క్షణంలోనే జరుగుతుంది. ఇచట తెల్లవారుజాము 4 గంటల 44 నిమిషాలకు షష్ఠి ముగిస్తే, వేసవిలో టెక్సాస్ గడియారంలో అది ముందురోజు సాయంత్రం 6 గంటల 14 నిమిషాలు. అందువలననే పరదేశంలో ఉన్నవారు ఇక్కడి పంచాంగంలోని తేదీని యథాతథంగా అనుసరిస్తే ఒక్కొక్కప్పుడు తిథి తప్పిపోతుంది. కుమారుడు ఈ విషయంలో జాగరూకుడు. ప్రతి మాసికానికీ ముందు తండ్రికి ఫోను చేసి సరిచూసుకొనేవాడు. ఆ సంభాషణలో తిథి తప్ప మరొక మాట దొర్లేది కాదు.

సాంవత్సరికం కోసం ఈ ఆషాఢంలో కుమారుడు, కోడలు, పదేండ్ల మనుమరాలు వచ్చారు. బహుళదశమినాటికి తిరుగుప్రయాణపు టిక్కెట్లు.

బంధువులు వచ్చిన ఇంట తొలి రెండు దినాలు పిండివంటలతోనూ, మూడవదినం మొహమాటంతోనూ గడుస్తాయి. ఈ ఇంట తండ్రీకొడుకుల నడుమ ఆ మొహమాటం తొలిదినమే తిష్ఠ వేసింది. నడవలో ఎదురుపడితే ఒకరు వాతావరణం గురించి, మరొకరు కరెంటు గురించి ముచ్చటించేవారు. ఈ నిశ్శబ్దంలోకి ప్రశ్నలపుట్ట వంటి ఆ బాలిక ప్రవేశించింది.

“తాతగారూ, గడియకు ఇరవైనాలుగు నిమిషాలే ఎందుకు? ఇరవై ఎందుకు కాకూడదు?”

ఉపాధ్యాయుడికి ఇంతకంటే ఏమి కావాలి! ఆయన సుద్దముక్క తీసుకొని అరుగుమీదనే పాఠం ప్రారంభించారు. పది గుర్వక్షరాలు ఉచ్చరించే కాలం ఒక ప్రాణం. ఆరు ప్రాణాలు ఒక విఘడియ. అరువది విఘడియలు ఒక గడియ. అరువది గడియలు ఒక దినం. గుణిస్తే దినానికి 21,600 ప్రాణాలు. వృత్తంలో 360 భాగలు, భాగకు 60 కలలు. గుణిస్తే కలలు కూడా 21,600. ఒక ప్రాణకాలంలో భూమి ఒక కల తిరుగుతుందని క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం చెప్పినది ఈ సమన్వయాన్ని ఆశ్రయించియే. యోగశాస్త్రంలో అజపాజపసంఖ్య సైతం ఇదే. మానవుడు దినానికి 21,600 పర్యాయాలు శ్వాసిస్తూ, తనకు తెలియకయే హంసమంత్రాన్ని అన్నిసార్లు జపిస్తున్నాడని పెద్దలు చెబుతారు. “నీ ఊపిరీ, ఆకాశమూ ఒకే లెక్క తల్లీ” అని ముగించారు మాష్టారు.

బాలిక నమస్కరించి ఊరుకుంటే బాగుండేది. ఆమె గంగాళం ముందు బాసిపట్టు వేసుకొని కూర్చుండి, గిన్నె మునిగేవరకు తన ఊపిరులు తానే లెక్కించుకున్నది. 360 రావలసినచోట 476 వచ్చాయి.

“తాతగారూ, శాస్త్రం తప్పా? నేను తప్పా?”

ఆ సమయానికి అటుగా వెళుతున్న తండ్రి, “పెద్దవాళ్ళు చెప్పినప్పుడు వినాలి. అధికప్రసంగం చేయకు” అని గద్దించాడు. మాష్టారు మాత్రం ముక్కుమీద వేలు వేసుకొని చాలసేపు ఆలోచించారు. తరువాత తాను కూర్చుండి లెక్కించారు, 372 వచ్చాయి. పిల్లల శ్వాస వేగమైనదనీ, ప్రాణమనే మానం స్వస్థుడై సుఖాసీనుడైన వయోజనుని శ్వాసను ఉద్దేశించినదనీ, అందుకనే దానిని ఊపిరితో ఆపక అక్షరోచ్చారణతో కూడ నిర్వచించారనీ ఆమెకు వివరించారు. “శాస్త్రం తప్పు కాదు, నువ్వూ తప్పు కాదు. నేను చెప్పినదే సగం” అన్నారు. ఆ మాటకు పిల్ల సంతోషించింది; తండ్రి ఆశ్చర్యపడ్డాడు.

‘అధికప్రసంగం’ అనే పదం తెలుగింటి పిల్లలకు సుపరిచితం. బృహదారణ్యకంలో దీనికి మరింత గంభీరమైన సోదరపదం ఉన్నది: అతిప్రశ్న. జనకుని సభలో గార్గి ఒక లోకానికి మరొక లోకం ఆధారమేమని వరుసగా అడుగుతూ బ్రహ్మలోకాల వరకూ వెళ్ళినప్పుడు, ఇక అడిగితే శిరస్సు పతనమవుతుందని యాజ్ఞవల్క్యుడు వారించాడు. పిల్లల నోరు మూయించడానికి ఈ ఘట్టాన్ని ఉదాహరించేవారు కొందరున్నారు. వారు ఆ అధ్యాయాన్ని చివరివరకు చదివినట్లు కనబడదు. గార్గి ఆ సభలోనే మరల లేచింది, రెండు బాణాలవంటి రెండు ప్రశ్నలు సంధించింది, ఈసారి యాజ్ఞవల్క్యుడు అక్షరతత్త్వాన్ని సమగ్రంగా ఉపదేశించాడు. వారింపబడినది ప్రశ్నయే గాని ప్రశ్నించిన స్త్రీ కాదు.

‘లీలావతి’ కథను కూడా ఇట్లే వాడుకుంటారు. భాస్కరాచార్యులు కుమార్తె వివాహముహూర్తానికి జలఘటికను అమర్చగా, ఆమె కుతూహలంతో వంగి చూసిందట. అలంకారంలోని ముత్యం రాలి రంధ్రానికి అడ్డుపడి, గిన్నె మునగక, ముహూర్తం దాటిపోయిందట. ఆడపిల్ల తొంగిచూస్తే ఇంతే అని దానికొక నీతిని తగిలించారు. 1150లో రచింపబడిన ఆ గ్రంథంలో ఈ కథ లేదు. అక్బరు ఆస్థానంలోని ఫైజీ 1587లో చేసిన పారశీకానువాదంవలన ప్రచారంలోకి వచ్చింది. గ్రంథంలో ఉన్నదల్లా లేడికన్నుల బాలికను సంబోధించి లెక్కలు అడగడం. మాష్టారు ఈ కథ చెప్పినప్పుడు మనుమరాలు, “ముత్యం పడినట్టు ఎవరూ చూసుకోలేదా? మునగడం లేదని ముందే తెలియాలి కదా?” అన్నది. కంసాలితో ఏండ్ల తరబడి కుస్తీ పట్టిన ఆయనకు ఆ ఆక్షేపణ పరమసమంజసంగా తోచింది.

ఇంతవరకు వినోదమే. షష్ఠికి ఇక నాలుగు దినాలున్నవనగా, పురోహితులు వచ్చి కావలసిన సంభారాల పట్టీ వ్రాయిస్తున్న సాయంకాలం, ఆ బాలిక లెక్కల పుస్తకం తిరగవేస్తూ అడిగింది: “తాతగారూ, ఇందులో అన్నీ గడియ విఘడియలతో వ్రాశారు. నిరుడు ఆషాఢంలో ఒక పేజీ ఖాళీ. మామ్మ ఏ గడియలో పోయింది?”

ఎవరూ మాట్లాడలేదు. కుమారుడు ఈసారి గద్దించలేదు.

మాష్టారు చెప్పవలసివచ్చింది. ఆ రాత్రి ఆమె శ్వాస క్రమంగా పలుచబడింది. వైద్యుడు సాయంకాలమే వచ్చి చూసి, ఇక ఇంటనే ఉంచుకొండని చెప్పి వెళ్ళాడు. కరెంటు లేదు, దీపం ఉన్నది. తెల్లవారుజామున ఆమె చేయి పట్టుకొని, చెవివద్ద విష్ణుసహస్రనామం ప్రారంభించారు. ముగించేసరికి ఆలయంలో మైకునుండి సుప్రభాతం వినబడింది. అప్పుడు చూస్తే శ్వాస లేదు. ఏ నామంవద్ద ఆగిందో ఆయన గమనించలేదు. గోడమీది గడియారంవైపు చూడలేదు. ఇరుగుపొరుగువారు వచ్చి తిథి అడిగితే, రాత్రి పడుకొనేవేళ పంచాంగంలో చూసిన షష్ఠి నోటికి వచ్చింది. పురోహితులు దానినే వ్రాసుకున్నారు. ఆ షష్ఠి 4 గంటల 44 నిమిషాలకు వెళ్ళిపోయినదని ఆయన కర్మ ముగిసిన తరువాత గాని చూసుకోలేదు. చూసిన తరువాత ఎవరికీ చెప్పలేదు.

“ఏడాదిపాటు చెప్పలేదా నాన్నగారూ?” అన్నాడు కుమారుడు.

“చెబితే నీవు మాసికాలు ఏ తిథినాడు పెడతావు? తెలియదని చెప్పడం చేతకాలేదురా.”

బాలికకు ఇందులోని బరువు పూర్తిగా తెలియదు. తెలిసినదల్లా ఇది సాధింపదగిన లెక్క అని. సుప్రభాతం అయిదుగంటలకు మొదలైతే, పారాయణకు పట్టిన కాలాన్ని అందులోనుండి తీసివేయాలి. మరునాటి ఉదయం ఆమె తాతగారిని చాపమీద కూర్చుండబెట్టి, గిన్నెను నీటిలో విడిచి, పారాయణ చేయమన్నది. పూర్వపీఠికతో ప్రారంభించి ఫలశ్రుతితో ముగించేసరికి ఒక గడియ పది విఘడియలు పట్టింది. 28 నిమిషాలు. అయిదుగంటలనుండి తగ్గిస్తే 4 గంటల 32 నిమిషాలకు ప్రారంభం. షష్ఠి పోయి సప్తమి వచ్చినది ఆ పిమ్మట పన్నెండు నిమిషాలకు. అనగా సరిగా అరగడియకు. ఆ అరగడియ గుర్తువద్ద తాతగారు ఏ నామంమీద ఉన్నారో ఆమె వేలితో పుస్తకంలో పట్టుకున్నది. నాలుగు వందల నామాల దరిదాపులలో. దానికి ముందు శ్వాస ఆగివుంటే షష్ఠి, తరువాత ఆగివుంటే సప్తమి.

తిథి ఏ నామంవద్ద మారినదో తెలిసింది. తెలియవలసినది అది కాదు.

పైగా ఆ రాత్రి కంఠం పట్టివేసి ఆయన ఎన్నిసార్లు ఆగారో, ఏ శ్లోకాన్ని రెండుమారులు చదివారో జ్ఞాపకం లేదు. ఫలశ్రుతి చదివారో లేదో కూడా నిశ్చయంగా చెప్పలేరు. ఇక సుప్రభాతం ప్రతిదినమూ అయిదు కొట్టగానే మొదలవుతుందని ఆ ఆలయపు అర్చకుడు కూడా స్వామి ఎదుట ప్రమాణం చేయలేడు. గంగాళంలో మునిగిన గిన్నెవైపు చూస్తూ ఆ బాలిక, “ఇంకోసారి కొలిస్తే?” అని అడిగింది. ఎన్నిసార్లు కొలిచినా ఈనాటి పారాయణ కొలతకు వస్తుంది గాని ఆనాటిది రాదని ఆయన చెబితే, ఆమెకు కన్నీళ్ళు తిరిగాయి.

ఇచట కుతూహలానికీ జిజ్ఞాసకూ గల భేదం కొంత ఆలోచింపదగినది. రెండూ తెలుసుకోవాలనే కోరికలే. కుతూహలం వస్తువు దొరకగానే చల్లారిపోతుంది. దొరకకపోతే విసుగుతో మరొకదానిమీదికి పోతుంది. జిజ్ఞాసలో ఇచ్ఛార్థకమైన సన్ప్రత్యయం ఉన్నది. బ్రహ్మసూత్రాలు జ్ఞానంతో కాక జిజ్ఞాసతో ప్రారంభమవుతాయని అధ్యయనం చేసినవారందరికీ తెలిసినదే. తెలియదన్న స్థితిలో తొందరపడకుండా నిలబడగలగడం దాని లక్షణమేమో! ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టి పిప్పలాదునివద్దకు వెళితే, ఆ మహర్షి వెంటనే ఉపదేశించలేదు. తపోబ్రహ్మచర్యశ్రద్ధలతో ఒక సంవత్సరం తనవద్ద నివసించి తరువాత యథేచ్ఛగా అడగమన్నాడు. తనకు తెలిసివుంటే చెబుతానన్నాడు. ఋషి అంతటివాడు ‘తెలిసివుంటే’ అన్న మాటను ముందుగా పెట్టుకున్నాడు. గణితంలో పండి, ఊరందరి సందేహాలనూ తీర్చిన ఆ వృద్ధునికి ఒక సంవత్సరకాలం నోరు పెగలనిది ఆ ఒక్క మాటయే.

పురోహితులను మరల పిలిపించారు. విషయమంతా విని ఆయన, “మాష్టారూ, పన్నెండు మాసాలు సంకల్పంలో షష్ఠి అని చెప్పుకుంటూ వచ్చాము. అట్లాగే కానిద్దాం. దోషం నామీద వేయండి” అని లౌకికంగా సర్దబోయారు. మాష్టారు అంగీకరించలేదు. తెలిసీ తెలియనప్పుడు చెప్పినది వేరు, తెలియదని తెలిసిన తరువాత చెప్పేది వేరు అన్నారు. అప్పుడు పురోహితులు ధర్మశాస్త్రంలోని విధిని చెప్పారు. మృతతిథి తెలియక, మాసం మాత్రమే తెలిసినప్పుడు ఆ మాసపు అమావాస్యనాడు శ్రాద్ధం చేయవచ్చును. నిబంధకారులు దీనిని విస్తరంగా చర్చించారు. పూర్వం తీర్థయాత్రకు వెళ్ళి తిరిగిరానివారు, వరదలో పోయినవారు, పరదేశంలో కాలం చేసినవారు ఎందరో. వారి పుత్రులు తిథి తెలియదని పితృకర్మ మానుకోవాలా? తెలియనివారికి కూడ శాస్త్రం ఒక దినాన్ని కేటాయించింది. సూర్యచంద్రులిరువురూ ఒకచోట చేరే దినం.

“అయితే ఇది మీరు నిర్ణయించేది కాదు. కర్త మీ అబ్బాయి” అన్నారు పురోహితులు.

అమావాస్య దశమికి తరువాత అయిదుదినాలకు. టిక్కెట్లు దశమికి. షష్ఠి అని గట్టిగా అనుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. కోడలు భర్తవైపు చూసింది. అతడు చాలసేపు వీధి అరుగుమీద ఒంటరిగా కూర్చున్నాడు. లోపలికి వచ్చి తండ్రి ఎదుట నిలిచి అన్నమాట ఇది: “తిథి అంత నిబ్బరంగా చెబితే, అమ్మ పోయే గడియలో కూడా మీరు గడియారమే చూస్తున్నారనుకున్నాను నాన్నగారూ. ఏడాదిగా అదే అనుకుంటున్నాను.”

మాష్టారు సమాధానం చెప్పలేదు. కుమారుడు సమాధానం కోసం ఆగలేదు. ఫోను తీసుకొని టిక్కెట్లు మార్పించడానికి పెరటిలోకి వెళ్ళాడు. సిగ్నలు అక్కడ శంకువు పక్కనే బాగా అందుతుంది. మార్పుకు అయిన రుసుము విని కోడలు గుండెమీద చేయి వేసుకున్నది గాని, కాదనలేదు.

ఆ రాత్రి భోజనాలవేళ తండ్రీకొడుకులు ఆమె వండిన పనసపొట్టు కూర గురించి చాలసేపు మాట్లాడుకున్నారు. ఆవ ఎక్కువగా పెట్టేదని కుమారుడు, లేదు నీకే కారం సహించేది కాదని తండ్రి.

అమావాస్యనాడు మబ్బు పట్టి సన్నని తుంపర. నిమంత్రితులైన భోక్తలు సకాలంలో వచ్చారు. కుమారుడు సవ్యాపసవ్యాలతో, ఎక్కడా తొట్రుపడకుండా మంత్రాలు చెప్పాడు. సంకల్పంలో అమావాస్య అన్న పదం వచ్చినప్పుడు ఒకసారి తండ్రివైపు చూశాడు. పిండప్రదానమయ్యాక, తడిబట్టలతో ఉన్న తండ్రిని దాటుకొని, బాలిక తాతగారి పక్కకు చేరి నెమ్మదిగా అడిగింది: “ఇది మామ్మకు చేరుతుందా? చేరినట్టు మనకెట్లా తెలుస్తుంది?”

యజ్ఞశాలలో తండ్రి దానమిస్తున్న బక్కచిక్కిన గోవులను చూసి నచికేతుడు ప్రశ్న ప్రారంభించాడు. యముని ఎదుట అతడు చివరగా అడిగినది, మరణించినవాడు ఉన్నాడా లేడా అన్న సంశయాన్నే. దేవతలకు సైతం అది సుజ్ఞేయం కాదనీ, మరొక వరం కోరుకొమ్మనీ యముడు బ్రతిమాలాడు. పదేండ్ల పిల్ల అడిగినదీ దాదాపు అదే. ఆమెకు ఆ ఉపనిషత్తు పేరు కూడా తెలియదు.

మాష్టారు సుద్దముక్క తీయలేదు. “ఒక్క సంవత్సరం నావద్ద ఉండు తల్లీ. అప్పుడు అడుగు. తెలిస్తే చెబుతాను” అన్నారు.

“నాకు స్కూలు ఉంది కదా!”

“ఉన్నది. పోనీ, వచ్చే ఆషాఢానికి రా.”

ఆమె మరికొంతసేపు ఆలోచించి, కాకికి పెట్టిన పిండంవైపు చూస్తూ, “అప్పటికి మీకు తెలుస్తుందా?” అన్నది. ఆయన నవ్వారు. ఆ ఇంట ఆ శబ్దం చాలకాలానికి వినబడిందని వంటబ్రాహ్మణుడు తరువాత ఆలయంలో చెప్పాడు.

శ్రావణశుద్ధవిదియనాడు వారు బయలుదేరారు. రెండుమూడుదినాలు ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండి, మాష్టారు గంగాళం వంక పోలేదు. నాలుగవనాడు లెక్కల పుస్తకం తీస్తే, నిరుడు ఖాళీగా వదలిన పేజీకి ఎదుటి పేజీలో పెన్సిలుతో వ్రాసిన పెద్దపెద్ద అక్షరాలు కనబడ్డాయి. తెలుగు అక్షరాలే, ఒత్తులు తప్పు. ప్రయాణానికి ముందటి రాత్రి, తాతగారు నిద్రించిన తరువాత, ఆ పిల్ల గిన్నెను నీటిలో విడిచి మంచంపక్కన కూర్చున్నదన్నమాట. వ్రాసినది ఇంతే: “తాతగారు. ఒక గడియ. 338.”

సంఖ్యను ఆయన రెండుమార్లు చూశారు. కలం తీసి, ఆ పంక్తికి పక్కన శ్రావణశుద్ధపాడ్యమి అని తిథి వ్రాశారు. రాత్రి ఎన్నిగంటలకో ఆ పిల్ల వ్రాయలేదు. ఆ చోటు ఖాళీగా వదలి, పుస్తకం మూసి, గిన్నె కడగడానికి లేచారు.